మీ సేటు పీఎఫ్ కడుతలేడు... రెండు వాటాలు మీరే కడుతుండ్రు!

అన్నలారా, అక్కలారా, ముందుగాల ఒక్క ముచ్చట జెప్త, కోపమొస్తే కామెంట్లల్ల తిట్టుండ్రి. మీ సేటు మీకు పీఎఫ్ కడుతలేడు. మీ వాటా మీరే కడుతుండ్రు, సేటు వాటా గూడ మీరే కడుతుండ్రు!

పోయిన వీడియో కింద ఒక కాంట్రాక్టర్ సాబ్ రాసిండు గదా, "లేబరోళ్లకు మా జేబులకెళ్లి పీఎఫ్ కడుతున్నం, అయినా విశ్వాసం లేదు" అని. ఇగ దాని మీద రెండు దిక్కుల లొల్లి. విశ్వాసమంట! సరే, చూద్దాం పాండ్రి ఎవలి జేబో.

జడ్చర్ల దిక్కు కాంట్రాక్ట్ మీద పనిజేసే తమ్ముడు పంపిన పేస్లిప్ ఇది. కంపెనీ పేరు కొట్టేసిన, పిల్లగాని నౌకరి పోవద్దు. బేసిక్ 12,000. కోతల కాడికి రాండ్రి. పీఎఫ్ 1,440. మంచిదే, 12 శాతం, అది మన వాటా. దాని కిందనే చూడుండ్రి, "పీఎఫ్ ఎంప్లాయర్" 1,560! సేటు కట్టాల్సిన 12 శాతం, బీమాకు అర శాతం, పీఎఫ్ ఆఫీసు ఖర్చులకు ఇంకో అర శాతం, అన్నీ కలిపి పిల్లగాని మీదికే తోసిండు. పీఎఫ్ పేరు మీదనే 3,000 సాఫ్! ఈఎస్ఐ, అంటే వర్కర్ల దవఖాన బీమా, గూడ గంతే. మనది 0.75 శాతం అంటే 90 రూపాయలు. సేటుది 3.25 శాతం, 390. అది గూడ మన లెక్కలనే. దావత్ ఇస్తనని పిల్చి బిల్లు మన చేతుల వెట్టినట్టు!

1952 పీఎఫ్ స్కీమ్ 31వ పేరా తీయుండ్రి. యజమాని తన వాటాను వర్కర్ జీతంలకెళ్లి కోయరాదు అని సాఫ్‌గ ఉన్నది. "సీటీసీ అన్నా, సీటీసీ" అంటరు కొందరు, అంటే సేటు వాటా గూడ కలిపి జెప్పే మొత్తం జీతం. ఆఫర్ లెటర్ల రాసిచ్చి ఒప్పుకున్నది వేరే ముచ్చట. ఈ తమ్మునికి లెటరూ లేదు, గిటరూ లేదు. నెలకు 12,000 అని నోటితోనే జెప్పిండ్రు.

ఇగ నా లెక్క ఇనుండ్రి. ఈ కోత ఉత్తగ పైసల కక్కుర్తి గాదు. మనకు పీఎఫ్ అంటేనే ఒళ్లు మండాలెనని సేట్ల ప్లాన్. "అన్నా, పీఎఫ్ వద్దు, చేతికియ్యి" అని మనంతట మనమే అనాలె! అంటున్నరు గూడ. మిర్యాలగూడ రైస్ మిల్లులకాడ అడుగుండ్రి, చౌటుప్పల్ కంపెనీలకాడ అడుగుండ్రి, గిదే మాట. అరే తమ్మీ, 20 మంది పనిజేసేకాడ, 15,000 లోపు జీతముంటే పీఎఫ్ వద్దనే ఛాయిసే లేదు, నీకూ లేదు, సేటుకూ లేదు. నౌకర్ల ఉండంగ మనిషికేమన్న అయితే ఇంటోళ్లకు 7 లక్షల దాకా బీమా వస్తది, దానికి నువ్వు రూపాయి కట్టేది లేదు. అది గూడ వద్దంటవా?

పాలమూరోళ్లు దేశమంత తిరిగి ఎన్ని డ్యాములు కట్టిండ్రు, ఎన్ని కాల్వలు తవ్విండ్రు! వాళ్లల్ల ఎందరి చేతులకు పీఎఫ్ పాస్‌బుక్ వచ్చిందో మీ తాతనే అడుగుండ్రి.

ఇంకోటి. పాస్‌బుక్‌ల సేటు దిక్కు 440 యే కనవడ్తదని ఆగం గాకుండ్రి. ఆయన 1,440 ల 1,000 పింఛన్ ఖాతాకు పోతది, అది పక్క గడిల ఉంటది. రెండూ ఖాళీగుంటే అప్పుడు లొల్లి వెట్టుండ్రి. పోయిన నెల పైసలు ఈ నెల 15 లోపల జమ కావాలె. గని పాస్‌బుక్ తెరుద్దామంటే ఓటీపీ ఎవలికొస్తది? కాంట్రాక్టర్ ఫోన్‌కు! యూఏఎన్‌కు, అంటే మన పీఎఫ్ నంబరుకు, ఆయన ఫోన్ నంబరే ఎక్కిచ్చిండు. ఫస్ట్ అది మార్పియ్యుండ్రి, ఆధార్ పట్టుకొని పీఎఫ్ ఆఫీసుకు పోతే అయితది.

కాంట్రాక్టర్ పైసలు మింగి పరారైతే ఖతమేనా? కాదు. ఎవలి గేటు లోపల పనిజేసినవో ఆ కంపెనీయే కట్టాలె, తర్వాత కాంట్రాక్టర్ తాన వసూల్ జేసుకుంటదో ఇడిసివెడ్తదో వాళ్ల పంచాయితీ. పెద్ద కంపెనీలోళ్లు ఈ ఒక్క ముచ్చట మాత్రం నోరిప్పి జెప్పరు.

మీ పేస్లిప్‌ల "ఎంప్లాయర్" అని కోత లైనుంటే పేరు కొట్టేసి ఫొటో పంపుండ్రి. కాంట్రాక్టర్ సాబ్, మీరు గూడ పీఎఫ్ కట్టిన చలాన్ పంపుండ్రి, వచ్చే వీడియోల రెండూ పక్కపక్కన వెడ్త.