10 శాతం సరే, మిగతా 90 ఎక్కడికి పోయింది?

మేడమ్: నమస్కారం. ఈవేళ ఆవరణ వ్యవస్థలో శక్తి ప్రవాహం. తినేవాటినీ తినబడేవాటినీ మెట్లుగా పేర్చి చూపే బొమ్మలే పిరమిడ్లు. సంఖ్య, జీవద్రవ్యరాశి, శక్తి అని ఆ మూడు రకాలూ హైస్కూలు పిల్లలకు ఎలా చెప్పాలో చూద్దాం. ముందు సంఖ్యా పిరమిడ్...

సార్: బకెట్ సంగతి తేల్చకుండానా?

మేడమ్: పోయినసారీ బకెట్టే కదా సార్!

సార్: సగంలో వదిలేశాం. మీరు ఆ ప్రయోగం ఎలా చేస్తారో ఇంకోసారి చెప్పండి.

మేడమ్: లీటరు నీళ్ళు తీసుకుంటాను. అది గడ్డిలోని శక్తి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి సుమారు 10 శాతమే అందుతుందని కదా లెక్క. అందులో 100 మిల్లీలీటర్లు మిడతకి, 10 కప్పకి, 1 పాముకి. గద్ద వంతు వచ్చేసరికి డ్రాపర్‌తో రెండు చుక్కలు. గద్దలు ఎందుకంత తక్కువుంటాయో నేను చెప్పక్కర్లేదు, పిల్లలే చెప్తారు.

సార్: బావుంటుంది, కాదనను. మొదటి మెట్టులో మిగిలిన 900?

మేడమ్: నీలం బకెట్‌లో పోస్తాను.

సార్: అదే నా బాధ. 90 శాతం వృథా అనుకుంటారు. పరీక్షలో "శక్తి నష్టమైపోతుంది" అని రాస్తారు. శక్తి నశించదని ఫిజిక్స్ పీరియడ్‌లో మనమే చెప్పాం కదా!

మేడమ్: నష్టమంటే పై స్థాయికి అందలేదని. మొదటిరోజే అన్నీ కుక్కేస్తే పిల్లలకి టెన్షన్ సార్.

సార్: కుక్కమనట్లేదు. ఆ 900 గురించి ఒక్క ప్రశ్న అడగమంటున్నాను. మిడత గడ్డంతా తినదు. తిన్నదంతా అరగదు. అరిగినదాంట్లో చాలా భాగం శ్వాసక్రియకి ఖర్చయి వేడిగా పోతుంది. మిగిలిందే మిడత ఒళ్ళు. కప్పకి దొరికేది ఆ ఒళ్ళే. కాబట్టి బకెట్లు రెండుండాలి. ఒకటి వేడిది, రెండోది విచ్ఛిన్నకారులది, అంటే చచ్చినవాటిని కుళ్ళబెట్టి బతికే జీవులది.

మేడమ్: వచ్చాయి మీ బూజులు!

సార్: రాక తప్పదు. అడవిలో ఆకుల్ని చాలావరకు పచ్చిగా ఎవరూ తినరు. రాలి కుళ్ళాక శిలీంధ్రాలు, బాక్టీరియా తింటాయి. మన పాఠంలో వాటికి ఒక్క వాక్యం!

మేడమ్: సరే, వేడిని ఎలా చూపిస్తారు?

సార్: అరచేతి మీదికి ఊపిరి వదలమంటాను. వెచ్చగా తగులుతుంది. పొద్దున తిన్న తిండిలోని శక్తే అది.

మేడమ్: ...ఇది నేను వాడుకుంటాను. ఆ 10 శాతం కూడా సగటు అంచనాయే కదా, మామూలుగా 5 నుంచి 20 దాకా మారుతుంది. పిల్లలేమో రాతిమీద గీత అనుకుంటారు.

సార్: ఈ లెక్కకి దారి వేసిన రేమండ్ లిండెమన్ గురించి క్లాసులో చెప్తారా?

మేడమ్: పేరు వరకే.

సార్: అమెరికాలోని మిన్నెసోటాలో సీడార్ బాగ్ అనే చిన్న సరస్సు మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. సైన్స్ పత్రిక ఆయన వ్యాసాన్ని మొదట తిప్పి పంపింది. 1942లో అచ్చయ్యేనాటికి మనిషి లేడు. పోయేనాటికి 26 ఏళ్ళు.

మేడమ్: అయ్యో. మన పిల్లలకన్నా ఓ పదేళ్ళు పెద్ద, అంతే.

సార్: ఆయన గీసిన ఆహార చక్రం బొమ్మలో నడిమధ్య ఏముందో తెలుసా? సరస్సు అడుగు బురద.

మేడమ్: మళ్ళీ అక్కడికే తెచ్చారు! పిరమిడ్లకి రెండు నిమిషాలే మిగిలాయి. సముద్రంలో జీవద్రవ్యరాశి పిరమిడ్, అంటే ఒక్కో మెట్టులోని జీవుల మొత్తం బరువు చూపేది, తలకిందులుగా ఉండొచ్చు, ఎందుకంటే వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, ఎంత త్వరగా పెరుగుతాయో అంత త్వరగా ఆహారమైపోతాయి. శక్తి పిరమిడ్ మాత్రం ఎప్పుడూ నిటారే. ఇక ఆహార గొలుసు బొమ్మలో బాణం గుర్తు తినే జీవి వైపు ఉండాలి. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

సార్: కుళ్ళిన ఆకుల నుంచి కూడా ఒక బాణం గీయించండి.

మేడమ్: గీయిస్తాను సార్. రెండో బకెట్ కూడా పెడతాను.

సార్: వేడి బకెట్‌కి అడుగున చిల్లు పెట్టండి.

మేడమ్: ఎందుకు?

సార్: అందులో పోసింది నిలవదు కదా, ఎప్పటికప్పుడు...

మేడమ్: క్లాసు తడిసిపోతుంది సార్! టైమైపోయింది, ఉంటాం.