"నాలుగు శాతం సీటు" అంటున్నారు మాస్టారూ

యాంకర్: నమస్కారమండీ, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: పల్నాడు జిల్లా నుంచి సార్. మా అమ్మాయి జడ్పీ స్కూల్లో పది చదివి, ఈ ఏడాది ట్రిపుల్ ఐటీలో చేరింది. మా ఆడపడుచు కొడుక్కి పాప కన్నా ఆరు మార్కులు ఎక్కువొచ్చాయి. ప్రైవేటు స్కూలు. వాడికి సీటు రాలేదు. అప్పట్నుంచి వదిన "మీది మెరిట్ సీటు కాదు, నాలుగు శాతం సీటు" అంటోంది. అది పాప చెవిన పడింది. ఇంటికొచ్చేస్తానని ఫోన్లో ఒకటే ఏడుపు.

మాస్టారు: జనవరి నుంచి మార్చి దాకా పాప ఏం చేసేదమ్మా?

కాలర్: మిరప కోతలు కదండీ. ఆదివారాలు నాతో వచ్చేది. రాత్రి చేతులు మండుతుంటే కొబ్బరి నూనె రాసుకుని, పుస్తకానికి అంటకుండా మోచేత్తో పేజీలు తిప్పేది.

మాస్టారు: ఆ ఆరు మార్కులు ఎక్కడ పోయాయో మీ మిరప చేలోనే తెలుస్తోందమ్మా. ఈ ట్రిపుల్ ఐటీల్ని నడిపే యూనివర్సిటీ ఆర్జీయూకేటీని 2008లో పెట్టిందే పల్లె పిల్లల కోసం. మీ వదిన అనే నాలుగు శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వసతులు తక్కువున్నందుకు పది మార్కులకు కలిపే అదనపు మార్కులు. ఇంటి నుంచి ప్రభుత్వ బడికెళ్లి చదివిన పిల్లలకే అవి కలుపుతారు. గురుకులాల పిల్లలకు కలపరు. అక్కడ హాస్టలూ, స్టడీ అవర్లూ ఉంటాయి కదా.

యాంకర్: ఇలా కలిపితే ప్రమాణాలు పడిపోతాయంటారు కదా మాస్టారూ?

మాస్టారు: పాస్ మార్కు తగ్గిస్తే పడిపోతాయి. లోపలికెళ్లాక ఎవరూ ఒక్క మార్కు కలపరు. ఇంటర్‌లాంటి పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు అందరికీ అదే పేపరు. నా భయమల్లా వేరే. అమ్మా, పాపకు క్లాసు అర్థమవుతోందా?

కాలర్: లెక్కలు ఇంగ్లీషులో చెబితే బుర్రకెక్కట్లేదంటోంది. తెలుగు మీడియం సార్.

మాస్టారు: అదీ సంగతి. బహుపదులు అంటే చటుక్కున చేస్తుంది, పాలినామియల్స్ అంటే బెదురుతుంది. లెక్క రాక కాదు. ఒక నోట్‌బుక్‌లో ఎడమపక్క తెలుగు మాట, కుడిపక్క ఇంగ్లీషు మాట, రోజుకు పది రాసుకోమనండి. క్లాసయ్యాక లెక్చరర్ దగ్గరికెళ్లి అడగమనండి, సిగ్గుపడొద్దు. మొదటి టెస్టులో తక్కువొస్తే రానివ్వండి. ఇంటికి మాత్రం తీసుకురాకండి.

కాలర్: మరి వదినకేం చెప్పమంటారు?

మాస్టారు: ఆవిడతో గొడవ పడకండి. అబ్బాయీ కష్టపడ్డాడు, బాధ ఉంటుంది. ఎంపీసీలో చేరాడా?

కాలర్: చేరాడండీ.

మాస్టారు: వాడికి ఈఏపీసెట్ ఉంది, ఇంజనీరింగుకు దారి మూసుకుపోలేదు. సెలవులకు పాప వచ్చినప్పుడు ఇద్దర్నీ కూర్చోబెట్టి లెక్కలు చేయించండి. వాడు ఇంగ్లీషు మాట చెబుతాడు, ఇది లెక్క చెబుతుంది.

కాలర్: దసరాకి వస్తుంది సార్. వదిన వాళ్లింటికి నేనే తీసుకెళ్తాను.