నాగసాకిలో ఏం తినాలి? చాంపోన్ గొప్పదే, కానీ నా ఓటు వేరే ప్లేటుకి!

నమస్తే అండీ. జపాన్ ఫుడ్ వీడియో అనగానే సుషీ చూపిస్తారనుకుని వచ్చుంటారు. ఇవాళ సుషీ లేదు. ఉన్నది ఒక్కటే, అది కూడా వేడివేడిగా ఆవిరి కక్కుతూ వస్తుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

మనం ఉన్నది నాగసాకిలో. చేపలకి కొదవలేని ఊరే, కాదనను. కానీ ఈ ఊరికి పేరు తెచ్చిన వంటలు చాలావరకు ఓడ దిగి వచ్చినవే. 1571లో పోర్చుగీసు ఓడల కోసం ఈ రేవు తెరుచుకుంది. ఆ తర్వాత జపాన్ రెండు వందల ఏళ్లకు పైగా బయటివాళ్లకి తలుపులు మూసేసింది. అప్పుడు కూడా డచ్ వాళ్లు దెజిమా అనే చిన్న దీవిలో, చైనా వాళ్లు తమకంటూ ఇచ్చిన పేటలో ఉండి ఇక్కడే వ్యాపారం చేసుకున్నారు. వాళ్ల వంటిళ్లలోంచి ఊళ్లోకి వచ్చిన రుచులే ఇవాళ్టి మన మెనూ.

ఎలా రావాలో ముందు చెప్పేస్తాను. ఫుకుఓకాలోని హకాతా స్టేషన్‌లో రైలెక్కి, తకేఓ ఓన్సెన్‌లో దిగి, ఎదురు ప్లాట్‌ఫామ్ మీదున్న షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు ఎక్కాలి. ఆ లైను 2022లో మొదలైంది. మొత్తం గంటన్నర లెక్కేసుకోండి. ఊళ్లో ట్రామ్ చాలు. ఎంత దూరం వెళ్లినా టికెట్ ధర ఒక్కటే. నేను చెప్పే చోట్లన్నీ ఏదో ఒక ట్రామ్ స్టాప్ నుంచి నడిచి వెళ్లగలిగేవే.

ఇక మొదటిది చాంపోన్, సూప్‌లో వచ్చే నూడుల్స్. ఇది పుట్టిన హోటల్ ఇంకా నడుస్తోంది. పేరు షికైరో. చైనాలోని ఫుజియాన్ నుంచి వచ్చిన చెన్ పింగ్‌షున్ అనే ఆయన 1899లో పెట్టారు. చదువుకోడానికి ఇక్కడికొచ్చిన చైనా కుర్రాళ్లు సరిగ్గా తినడం లేదని, తక్కువ డబ్బులో కడుపు నిండేలా, ఒంటికి పట్టేలా ఈ నూడుల్స్ మొదలుపెట్టారట. ఇప్పుడు అదే హోటల్ ఓఉరా చర్చి ట్రామ్ స్టాప్ దగ్గర ఐదంతస్తుల భవనం. భోజనం పై అంతస్తులో. కిటికీ పక్కన చోటు దొరికితే రేవంతా కనిపిస్తుంది. రెండో అంతస్తులో చాంపోన్ మ్యూజియం ఉంది. చిన్నదే, వచ్చేటప్పుడు ఓ చూపు చూసేసి రావచ్చు.

రామెన్ తిన్నవాళ్లకి తేడా చెప్తాను. రామెన్‌లో నూడుల్స్ విడిగా ఉడికించి సూప్‌లో వేస్తారు. చాంపోన్‌లో అలా కాదు. మూకుడులో పంది కొవ్వు వేసి, క్యాబేజీ, మొలకలు, పంది మాంసం, రొయ్యలు, స్క్విడ్, చేప ముద్దతో చేసే గులాబీ అంచు కామాబోకో ముక్కలు అన్నీ పెద్ద మంట మీద వేయించి, అందులోనే సూప్ పోసి, అందులోనే నూడుల్స్ వేసి ఉడికిస్తారు. అందుకే నూడుల్ లోపలి దాకా రుచి పడుతుంది. పంది ఎముకలు, కోడి ఎముకలు మరిగించిన సూప్ చూడ్డానికి పాలలా తెల్లగా ఉంటుంది. క్యాబేజీ తీపి దిగి ఉంటుంది. కారం మాత్రం సున్నా. బల్ల మీద మిరియాల పొడి ఉంటుంది, మొహమాటపడకుండా చల్లుకోండి.

ధర వెయ్యి యెన్లు దాటుతుంది. గిన్నె పెద్దది, మనిషికొకటి కచ్చితంగా సరిపోతుంది. నా మార్కులు పదికి ఏడు. అందులో ఒకటి కిటికీది.

ఏడేనా అని కామెంట్లలో తిట్టకండి. మిగతా మార్కులు దీని తమ్ముడి కోసం దాచాను. దాని పేరు సరా ఉడోన్. ఇదీ అదే చెన్ గారి వంటింట్లోదే అంటారు. దీని కోసం నేను షిన్చి చైనాటౌన్‌కి రమ్మంటాను. పూర్వం చైనా ఓడల సరుకు పెట్టే గిడ్డంగుల కోసం సముద్రాన్ని పూడ్చి చేసిన నేల ఇది. ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు నిమిషాల నడక. కోజన్‌రో లాంటి పేరున్న హోటళ్లు ఇక్కడున్నాయి. వాటి ముందు లైను ఎక్కువగా ఉంటే పక్క హోటల్లో దూరిపోండి, పెద్దగా నష్టం లేదు.

ఇప్పుడు ప్లేటు దగ్గరికి రండి. కెమెరా ఇంకొంచెం దగ్గరగా... ఆ, అలా. కింద కారప్పూసలా సన్నగా, కరకరలాడేలా నూనెలో వేగిన నూడుల్స్. పైన పిండి కలిపి చిక్కబరిచిన గ్రేవీ, అందులో కూరగాయలు, రొయ్యలు, మాంసం. పెట్టిన వెంటనే మధ్యలో చెయ్యి పెట్టకండి. అంచు నుంచి మొదలుపెట్టండి, అక్కడ గ్రేవీ తగల్లేదు కాబట్టి పటపటా విరుగుతుంది. ఓ రెండు నిమిషాలాగి కొంచెం లోపలికి వెళ్తే సగం మెత్తన, సగం కరకర. నడిమధ్యకి చేరేసరికి నూడుల్స్ గ్రేవీ పీల్చుకుని పూర్తిగా మెత్తబడతాయి. ఒక్క ప్లేటులో మూడు వంటలు తిన్నట్టు.

గ్రేవీ కాస్త తియ్యగా ఉంటుంది. ఈ ఊళ్లో చాలా వంటలు అంతే. ఒకప్పుడు జపాన్‌కి చక్కెర వచ్చే ప్రధాన రేవు ఇదే మరి. వంటలో తీపి తగ్గితే "నాగసాకి దూరమైపోయింది" అని వేళాకోళమాడేవాళ్లట! ఆ తీపిని విరగ్గొట్టడానికి ఇక్కడివాళ్లు పైన వూస్టర్ సాస్ పోస్తారు. నీళ్లలా పల్చటి, పుల్లటి నల్ల సాస్. కించో అని లోకల్ బ్రాండ్ ఉంది, దొరికితే అదే పోసుకోండి. ఇళ్లకి పెద్ద పళ్లెంలో సరా ఉడోన్ పార్సిల్ తెప్పించుకుంటే, ఆ సాస్‌ని వాడేసిన ఎనర్జీ డ్రింక్ సీసాలో నింపి పంపడం ఇక్కడ పాత అలవాటు. నాకు ఆ సీసా తెగ నచ్చింది. మార్కులు తొమ్మిది. సాస్ లేకుండా తింటే ఏడున్నరే.

చైనాటౌన్ వదిలే ముందు నడుస్తూ తినడానికి రెండున్నాయి. కాకుని మంజు అంటే సోయా సాస్, చక్కెరలో గంటల తరబడి ఉడికిన పంది పొట్ట మాంసాన్ని తెల్లటి ఆవిరి బన్ను మధ్య పెట్టి ఇస్తారు. కొవ్వు ముక్క నోట్లో కరిగిపోతుంది. కొవ్వు గిట్టనివాళ్లు ఆ దరిదాపులకి వెళ్లొద్దు. రెండోది హాతోషి, బ్రెడ్డు ముక్కల మధ్య రొయ్యల ముద్ద పెట్టి వేయించినది. వేడిగా ఉంటేనే తినండి. చల్లారితే నూనె తప్ప ఏమీ తెలీదు.

ఇప్పుడు ఆ సుషీ సంగతి. హమానోమాచి బజారులో యొస్సో అనే హోటల్, 1866 నుంచి ఉంది. ఇక్కడ జంటగా రెండు గిన్నెలు ఇస్తారు. ఒకటి చావన్‌ముషి. వేరే ఊళ్లలో ఇది చిన్న కప్పులో, భోజనానికి పక్కన వస్తుంది. ఇక్కడ పెద్ద గిన్నె నిండా అదే భోజనం. గిలకొట్టిన గుడ్డులో చేపల దాషి, అంటే చేపలతో కాచిన పల్చటి రసం కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు. చెంచాతో తాకితే వణుకుతుంది. లోపల తవ్వుతుంటే రొయ్య, కోడి ముక్క, షీటాకే పుట్టగొడుగు, గింకో గింజ ఒక్కొక్కటే బయటపడతాయి. రెండో గిన్నె ముషిజుషి, అంటే ఆవిరి పట్టిన వేడి సుషీ అన్నం, పైన మూడు రంగుల పొడి. పుల్లటి అన్నం వేడిగా తినడం మనకి వింతేం కాదు, పులిహోర పెళ్లిళ్లలో వేడిగానే లాగిస్తాం కదా! కుటుంబంలో పెద్దవాళ్లుంటే ముందు ఇక్కడికే తీసుకురండి. మసాలా లేదు, నూనె లేదు, పొట్ట తేలిగ్గా ఉంటుంది. పదికి ఎనిమిదిన్నర.

షియాన్‌బాషి స్టాప్ దగ్గర త్సురుచాన్ అని 1925 నాటి కాఫీ హోటల్ ఉంది. తోరుకో రైస్‌కి అందరూ అక్కడికే వెళ్తారు. ఒకే ప్లేటులో ఫ్రైడ్ రైస్ లాంటి పిలాఫ్, కెచప్ స్పగెట్టి, పైన పంది కట్లెట్. తోరుకో అంటే టర్కీ దేశం, మాంసం మాత్రం పంది! ఫొటోకి బాగుంటుంది, పిల్లలకి పండగ. నాకైతే సగానికే వెగటు పుట్టింది. ఇద్దరికొకటి చెప్పుకుని, మిగిలిన డబ్బులతో మిల్క్‌షేక్ తాగండి. తాగండి అన్నాను కానీ, ఇక్కడిది ఐసు తురుములా ఉంటుంది, చెంచాతో తినాల్సిందే. ఎండాకాలం వస్తే తప్పనిసరి.

షిప్పోకు అనే విందు భోజనం కూడా ఉంది, గుండ్రటి ఎర్ర బల్ల చుట్టూ కూర్చుని జపాన్, చైనా, యూరప్ వంటకాలు పంచుకుని తినేది. 1642 నాటి కగెత్సులో పెడతారు. ముందే బుక్ చేసుకోవాలి, జేబు కూడా చూసుకోవాలి.

శాకాహారులకి ఒక మాట. ఈ ఊరు మీకు కష్టమే. చాంపోన్‌లో కూరగాయలే కనిపించినా సూప్ ఎముకలది. కూరగాయల వంటకం అనిపించిన చోట కూడా చేపల దాషి ఉంటుంది. మాంసం తీసేయమంటే ముక్కలు తీసేస్తారు, సూప్ మారదు. భోజనం మీ వెంట తెచ్చుకోండి.

గుడ్డు తినేవాళ్లకి మాత్రం కాస్టెల్లా ఉంది. పోర్చుగీసు వాళ్ల నుంచి నేర్చుకున్న కేకు ఇది. వెన్న లేదు, పాలు లేవు. గుడ్లు, పిండి, చక్కెర, పాకం, అంతే. ఫుకుసాయా దుకాణం 1624 నుంచి చేస్తోంది. డబ్బా మీద గబ్బిలం బొమ్మ చూసి గుర్తుపట్టండి. కేకు అడుగున కాగితం ఉంటుంది. మెల్లగా లాగండి, లేకపోతే అడుగున కరక్కుండా మిగిలిన చక్కెర పలుకులన్నీ కాగితానికే పోతాయి. ఆ పలుకులు పంటికింద పడాలి, అసలు మజా అదే. రెండు ముక్కలు, ఒక ఫోర్కు ఉండే చిన్న డబ్బా కూడా అమ్ముతారు, రైల్లో తినడానికి సరిగ్గా సరిపోతుంది. ఇంటికి పట్టుకెళ్లాలంటే పొడుగు డబ్బా కొనండి. డబ్బా మీద తేదీ చూసుకుంటే చాలు, టెన్షన్ పడక్కర్లేదు. మర్నాటికి తేమ సర్దుకుని ఇంకా బాగుంటుంది.