మన ఇంటి వైఫైకి రెండు పాస్‌వర్డ్‌లు

శ్రోతలకు నమస్కారం.

గోదావరి డెల్టాలో కాలువ గట్ల వెంబడి, కొబ్బరి తోటల మధ్యగా, కరెంటు స్తంభాల మీదుగా సాగే సన్నని నల్ల ఫైబర్ తీగ ఇప్పుడు పట్టణాలను దాటి పల్లెల్లోకి కూడా వచ్చింది. 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కావచ్చు, ప్రైవేటు కంపెనీలు కావచ్చు, ఊళ్లోని కేబుల్ ఆపరేటరు కావచ్చు, తీగ ఎవరిదైనా చివరకు అది మన హాల్లో టీవీ పక్కన ఉన్న చిన్న పెట్టె దగ్గరకు వచ్చి ఆగుతుంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తున్న ఇంటి మనిషిని వీడియోలో చూడటానికి, పిల్లల చదువులకు, రొయ్యల చెరువు గట్టున పెట్టిన కెమెరాను ఇంటి నుంచే గమనించడానికి ఆ పెట్టే ఆధారం. వైఫై రౌటర్ అని పిలిచే ఆ పెట్టెను ఇంట్లో ఎలా అమర్చుకోవాలో, పరాయివారి చేతికి చిక్కకుండా ఎలా కాపాడుకోవాలో ఈ పూట మాట్లాడుకుందాం.

అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. రౌటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. మొదటిది ఫోనును వైఫైకి కలిపేటప్పుడు కొట్టేది. ఇది ఇంటిల్లిపాదికీ తెలుసు, వచ్చిపోయే చుట్టాలకూ తెలుసు. రెండవది రౌటర్ లోపలి అమరికలను మార్చడానికి కావలసిన అడ్మిన్ పాస్‌వర్డ్. అలాంటిది ఒకటి ఉందన్న సంగతే చాలా ఇళ్లలో తెలియదు. కనెక్షన్ బిగించడానికి వచ్చిన కుర్రవాడికి తెలుసు. పెట్టె అడుగున అంటించిన చీటీ మీద అచ్చయి ఉంటుంది. చాలా పాత మోడళ్లలోనైతే అడ్మిన్ అనే మాటే పేరు, అదే పాస్‌వర్డ్ కూడా. నెలనెలా బిల్లు కట్టేది మనం, దరఖాస్తు మీద ఉన్న సంతకం మనది, ఆధార్ నకలు ఇచ్చింది మనం, కాని పెట్టె మీద అధికారం మాత్రం ఇంకెవరి దగ్గరో ఉండిపోతోంది. ఆ అధికారం ఇంటివారి చేతికి రావాలని నా కోరిక.

ఎందుకింత పట్టుదల అంటే, 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరగడానికి కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు ఒక ఈమెయిల్ వెళ్లింది. అది ఎక్కడి నుంచి వచ్చిందని పోలీసులు ఆరా తీస్తే, నవీ ముంబైలో ఒక అమెరికా పౌరుడు అద్దెకుంటున్న ఫ్లాటులోని ఇంటర్నెట్ కనెక్షన్ తేలింది. ఆయనకు ఆ నేరంతో సంబంధం లేదు. ఆయన ఇంటి వైఫైకి సరైన రక్షణ లేకపోవడం వల్ల, దాన్ని ఎవరో వాడుకున్నారు. ఇంటర్నెట్‌లో మనం చేసే ప్రతి పనికీ మన కనెక్షన్ నంబరు ముద్ర పడుతుంది. ఆ నంబరును పట్టుకుని వెతికేవారు ముందుగా వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి గుమ్మంలోకే. పక్కింటివారు కాస్త వైఫై వాడుకుంటే మనకు పోయేదేముందని అనుకునే మంచి మనసులు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. వారిని తప్పు పట్టలేను. కాని అడిగి వాడుకునే పక్కింటి పిల్లవాడు వేరు, గోడ అవతల నిలబడి ఎవరికీ తెలియకుండా వాడుకునేవాడు వేరు.

ఇక పెట్టెను ఎక్కడ పెట్టాలి? తీగ కిటికీలో నుంచి లోపలికి వచ్చింది కాబట్టి ఆ కిటికీ పక్కనే బిగించేసి వెళ్లిపోవడం పరిపాటి. అలా చేస్తే సగం సిగ్నల్ వీధిలోకి పోతుంది, వెనక గదిలో చదువుకునే పిల్లకు మాత్రం అందదు. మరో పది మీటర్ల తీగ అడిగి అయినా ఇంటి నడిమధ్యకు, మనిషి ఎత్తుకు పైగా పెట్టించుకోండి. ఇనుప బీరువా, అద్దాల అలమర, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు రేడియో తరంగాలకు అడ్డుపడతాయి. ఇనుప చువ్వలు వేసిన శ్లాబు కూడా అంతే. పాత మండువా ఇళ్లలో గోడలు మందంగా ఉండటం వల్ల ఒక్క పెట్టె చాలకపోవచ్చు. అప్పుడు సిగ్నల్‌ను పట్టి మళ్లీ వదిలే రిపీటరు కంటే, మొదటి రౌటర్ నుంచి తీగ లాగి అవతలి గదిలో రెండో పెట్టె పెట్టుకోవడం మేలు. పెరట్లోని వేరే కట్టడానికి తీగ లాగవలసి వస్తే మాత్రం రాగి తీగ బదులు ఫైబర్ తీగ వేయించండి. ఈదురుగాలులతో ఉరుములూ మెరుపులూ వచ్చే మన ప్రాంతంలో, రెండు కట్టడాల మధ్య లాగిన రాగి తీగ గుండా పిడుగు తాకిడి వచ్చి రెండు వైపులా పరికరాలను కాల్చేయగలదు. ఫైబర్‌లో కరెంటు పారదు. అయినా రౌటర్‌కు కరెంటు ఇచ్చే అడాప్టరు ఉంది కాబట్టి, ఉరుములు వచ్చే సూచన కనిపించగానే, అవి మొదలు కాకముందే, దాన్ని ప్లగ్గు నుంచి తీసేయడం మంచిది. గోదావరికి వరద వచ్చే రోజుల్లో లంక గ్రామాల్లో కరెంటు పోవడం మామూలే గనుక, రౌటర్‌కు సరిపడే చిన్న బ్యాటరీ బ్యాకప్ కొనుక్కుంటే కరెంటు లేనప్పుడు కూడా కొన్ని గంటలు నడుస్తుంది. దాదాపు అన్ని రౌటర్లూ తక్కువ వోల్టేజీ మీద పనిచేసేవే, పెద్ద ఇన్వర్టరు అక్కర్లేదు.

చాలా ఫోన్లలో ఒకే రౌటర్ పేరు రెండుసార్లు, ఒకదాని చివర 5 అంకెతో కనిపిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటి దూరం పోతాయి, 5 గిగాహెర్ట్జ్ తరంగాలు దగ్గర్లో ఎక్కువ వేగం ఇస్తాయి. రౌటర్ ఉన్న గదిలో రెండోది, దూరపు గదిలో మొదటిది వాడుకోండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. వైఫైకి కలిపి ఉన్న ఫోనులోగాని కంప్యూటరులోగాని బ్రౌజరు తెరిచి, పైన చిరునామా రాసే గడిలో, రౌటర్ అడుగున ఉన్న చీటీ మీది అంకెలను చుక్కలతో సహా కొట్టండి. సాధారణంగా అవి 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉంటాయి. గూగుల్ వెతికే గడిలో కొడితే పనిచేయదు, చిరునామా గడిలోనే కొట్టాలి. చీటీ మీది పేరు, పాస్‌వర్డ్ ఇస్తే లోపలి పేజీ తెరుచుకుంటుంది. ఆ పాస్‌వర్డ్‌తో తెరుచుకోకపోతే దాన్ని ఆపరేటరు మార్చి ఉంటాడు. ఫోన్ చేసి మర్యాదగానే అడగండి. కొన్ని కంపెనీలు పూర్తి అధికారం తమ దగ్గర ఉంచుకుని వినియోగదారుకు పరిమిత ఖాతా ఇస్తాయి. కనీసం ఆ ఖాతానైనా తీసుకోండి. లోపలికి వెళ్లగానే మొదట చేయవలసింది అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. కొత్తదాన్ని పాసు పుస్తకాలూ, పొలం కాగితాలూ దాచే చోట ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని కొందరు అంటారు గాని, ఇంటర్నెట్‌లో నుంచి దాడి చేసేవాడికి మన ఇనప్పెట్టె అందదు.

రెండవది వైఫై పాస్‌వర్డ్. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫోను వైఫైకి కలిసే ప్రతిసారీ ఫోనుకూ రౌటర్‌కూ మధ్య గాలిలో ఒక చిన్న సంభాషణ జరుగుతుంది. పాస్‌వర్డ్ అందులో బయటపడదు, కాని ఆ సంభాషణను వీధిలో నిలబడి ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. తరువాత దాన్ని ఇంటికి తీసుకుపోయి, ఈ పాస్‌వర్డేనా, ఆ పాస్‌వర్డేనా అని కంప్యూటరు చేత కోట్ల కొద్దీ ఊహలు వరుసగా సరిచూపించవచ్చు. మన రౌటర్‌కు ఆ సంగతే తెలియదు గనుక ఆపేవారు ఉండరు. ఇప్పుడు చూడండి, మన ఇళ్లలో ఎక్కువగా పెట్టుకునే పాస్‌వర్డ్ సెల్ నంబరు. పది అంకెలు ఉన్నాయి కదా అని ధీమా. భారతదేశంలో సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి సాధ్యమైనవన్నీ కలిపినా 400 కోట్లే. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరుకు ఇది కొన్ని గంటల పని. మన నంబరు ముందే తెలిసినవాడికి ఆ శ్రమ కూడా లేదు. పిల్లల పేరుకు పుట్టిన సంవత్సరం తగిలించినా ఇదే గతి.

వైఫై పాస్‌వర్డ్‌కు 8 నుంచి 63 అక్షరాల దాకా చోటుంది. ఆ చోటును వాడుకోండి. ఒకదానితో ఒకటి పొంతన లేని అయిదారు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా రాస్తే ఇంటివారికి గుర్తుంటుంది, కంప్యూటరుకు దొరకదు. పనస, లాంతరు, బుధవారం, గవ్వ, మెట్లు అన్నట్టుగా, మీరు సొంతంగా ఏరుకున్న మాటలై ఉండాలి. సామెతలూ పాటల పల్లవులూ వద్దు, అవి అందరికీ తెలిసినవే. పాస్‌వర్డ్‌తో పాటు కంపెనీ పెట్టి ఇచ్చిన వైఫై పేరును కూడా మార్చండి. ఆ పేరును కూడా కలిపే రౌటర్ లోపల రహస్య తాళం తయారవుతుంది కాబట్టి, అందరికీ ఉండే పేరైతే దాని కోసం ముందే లెక్కలు కట్టి ఉంచుకున్నవారికి పని తేలికవుతుంది. కొత్త పేరులో ఇంటి పేరు, తలుపు నంబరు పెట్టకండి.

అదే పేజీలో సెక్యూరిటీ అనే చోట కొన్ని పొడి అక్షరాలు కనిపిస్తాయి. 1997లో వైఫై ప్రమాణంతో పాటే వచ్చిన డబ్ల్యూఈపీ అనే పద్ధతిలోని లోపాలు 2001 నాటికే బయటపడ్డాయి. దాని బదులు 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. మీ రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే దాన్నే ఎంచుకోండి. ఇందాక చెప్పిన గాలిలోని సంభాషణను పట్టుకుపోయి ఊహించే పద్ధతి దాని ముందు పనిచేయదు. ఇంట్లో పాత ఫోన్లు ఉండి కలవకపోతే 2, 3 రెండూ కలిసిన అమరిక పెట్టండి. అదీ లేకపోతే ఏఈఎస్ అని ఉన్న డబ్ల్యూపీఏ2 పెట్టి, పాస్‌వర్డ్‌ను పొడవుగా ఉంచండి. ఓపెన్ అన్నదాన్ని, డబ్ల్యూఈపీ అన్నదాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఎంచుకోవద్దు.

డబ్ల్యూపీఎస్ అనేది ఇంకొకటి ఉంది. బొత్తాం నొక్కి గాని, ఎనిమిది అంకెల పిన్ కొట్టి గాని ఫోను కలిపే సదుపాయం అది. ఎనిమిది అంకెలంటే కోట్ల అవకాశాలు ఉండాలి. కాని రౌటర్ మొదటి నాలుగు అంకెలు సరైనవో కావో విడిగా చెప్పేస్తుందనీ, చివరి అంకె మిగిలిన వాటిని బట్టి లెక్కకు వచ్చేదేననీ, అందువల్ల 11,000 ప్రయత్నాలు చాలుననీ 2011లో బయటపడింది. దాన్ని ఆపేయండి. రిమోట్ మేనేజ్‌మెంట్ అనేదాన్ని కూడా, మీకు ప్రత్యేకంగా అవసరం లేకపోతే, ఆపేయండి. బయటి ఇంటర్నెట్ నుంచి మీ రౌటర్ పేజీలోకి రావడానికి ఉన్న దారి అది. వైఫై పేరును దాచిపెట్టడం, ఫోన్ల గుర్తింపు సంఖ్యల పట్టీ రాసిపెట్టి వాటినే రానివ్వడం గొప్ప రక్షణ అని కొందరు చెబుతారు. దాచిన పేరూ ఆ సంఖ్యలూ గాలిలో బాహాటంగానే పోతుంటాయి. వాటి మీద సమయం పెట్టకుండా పాస్‌వర్డ్ మీద పెట్టండి.

మన ప్రాంతంలో ఎంతోమంది తల్లిదండ్రులు పెద్ద ఇళ్లలో ఒంటరిగా ఉంటున్నారు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో, అమ్మా నాన్నలు ఎలా ఉన్నారో చూసుకోవాలని సెలవుల్లో వచ్చినప్పుడు హాల్లో, వరండాలో కెమెరాలు పెట్టించి వెళతారు. ప్రేమతో చేసే పనే. కాని కెమెరాకూ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఒకటి ఉంటుంది, దాన్ని మార్చకపోతే ఆ ఇంటిని చూసేది పిల్లలు మాత్రమే కాకపోవచ్చు. 2016లో మిరాయి అనే దుష్ట ప్రోగ్రాము దాదాపు 60 ఫ్యాక్టరీ పేర్లూ పాస్‌వర్డ్‌ల జాబితా ఒక్కటి పట్టుకుని ప్రపంచమంతటా లక్షల కెమెరాలను, రౌటర్లను వశం చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలు ఎన్నో ఒక్కసారిగా, వెబ్‌సైట్ల అసలు చిరునామాలు చెప్పే డైన్ అనే అమెరికా సంస్థ మీద విరుచుకుపడితే, ట్విట్టర్ వంటి పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి చాలామందికి అందలేదు. కాబట్టి కెమెరా పాస్‌వర్డ్ మార్చండి. ఆపైన, రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అనే సదుపాయం ఉంటే ఇంకో పేరుతో, ఇంకో పాస్‌వర్డ్‌తో దాన్ని తెరిచి కెమెరాలను, టీవీని అందులో కలపండి. సంక్రాంతికి ఇంటి నిండా వచ్చే బంధువులకు కూడా అదే ఇవ్వండి. అల్లుడిగారిని పాస్‌వర్డ్ అడగవద్దనలేము కదా, పండుగ వెళ్లాక దాన్ని మార్చేసుకోవచ్చు. బ్యాంకు లావాదేవీలు చేసే ఫోన్లు అసలు నెట్‌వర్క్‌లోనే విడిగా ఉంటాయి.

రౌటర్ ఇతరుల వశమైతే ఇంకా ఏమి జరుగుతుందో బ్రెజిల్ చూసింది. 2011, 2012 ప్రాంతంలో అక్కడ 45 లక్షల మోడెమ్‌లలోకి, అంటే రౌటర్ లాంటి ఇంటర్నెట్ పెట్టెల్లోకి, చొరబడి డీఎన్ఎస్ అనే అమరికను మార్చేశారు. వెబ్‌సైటు పేరు కొడితే దాని అసలు చిరునామా ఏదో చెప్పే వ్యవస్థ అది. దాంతో జనం సరైన పేర్లే కొట్టినా నకిలీ పేజీలకు చేరారు. మోడెమ్‌లోని పాత సాఫ్ట్‌వేర్ లోపమే దానికి దారి ఇచ్చింది. రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. అందుకే రౌటర్ పేజీలో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అని ఉన్నచోట దానంతట అదే తాజాపరుచుకునే వీలుంటే ఆన్ చేసి పెట్టండి, లేకపోతే అప్పుడప్పుడు చూసి మీరే చేయండి. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన పాత రౌటర్ బాగానే నడుస్తున్నా మార్చడం మంచిది. మీ పరికరాల్లో దుష్ట ప్రోగ్రాములు చేరాయని అనుమానం వస్తే, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో వాటిని తొలగించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. ఖాతాలో నుంచి డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

చివరగా ఒక హెచ్చరిక. రౌటర్ వెనక సూది పట్టేంత రంధ్రంలో రీసెట్ బొత్తాం ఉంటుంది. ఫైబర్ పెట్టెల్లో దాన్ని తొందరపడి నొక్కకండి. మన పాస్‌వర్డ్‌లతో పాటు కనెక్షన్ నడవడానికి కంపెనీ పెట్టిన వివరాలు కూడా చెరిగిపోవచ్చు, అప్పుడు మళ్లీ ఆపరేటరు వచ్చేదాకా ఇంటర్నెట్ ఉండదు. అయితే పాత రౌటర్‌ను పాత సామాన్లవాడికి వేసేటప్పుడు, లేదా ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ బొత్తామే పనికొస్తుంది. కరెంటు ఇచ్చి, సూదితో బొత్తాన్ని సుమారు పది సెకన్లు నొక్కి పట్టి, దీపాలన్నీ ఆరి మళ్లీ వెలిగాక, లోపల మీ వివరాలేవీ మిగల్లేదని చూసుకుని ఇవ్వండి. నమస్కారం.