కారే ఆగిపోతుందా? ఆటోమేటిక్ బ్రేక్‌పై నిక్కచ్చి రివ్యూ

నమస్కారం. ఈ రోజు రివ్యూ ఏదో ఒక కారు గురించి కాదు, ఒక ఫీచర్ గురించి. షోరూములో టాప్ వేరియంట్ అంటగట్టాలనుకున్నప్పుడు ముందుగా తీసే పేరు అడాస్, అంటే కెమెరా, రాడార్‌లతో డ్రైవరుకు సాయపడే ఫీచర్ల మూట. అందులోనూ ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, పొట్టిగా ఏఈబీ. "మీరు చూసుకోకపోయినా కారే ఆగిపోతుంది సార్" అంటారు. నా పేచీ అంతా ఈ మాటతోనే.

ముందు దానికి దక్కాల్సిన మెప్పు ఇచ్చేద్దాం. ముందున్న బండిని వెనుక నుంచి గుద్దే ప్రమాదాలు ఏఈబీ వల్ల దాదాపు సగం తగ్గాయని అమెరికాలో బీమా కంపెనీలు నడిపే పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ తేల్చింది. మామూలు విషయం కాదు.

ఇక అసలు సంగతి. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ 2022లో నాలుగు కార్లను పరీక్షించింది. ఆగి ఉన్న కారు నమూనా మీదికి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో వెళితే 20 సార్లలో 17 సార్లు గుద్దకుండా ఆగాయి. వేగం 64కు పెంచారు. 17 కాస్తా 6కు పడిపోయింది! పెంచింది 16 కిలోమీటర్లే. వేగం రెట్టింపయితే ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుంది. పైగా ఈ వ్యవస్థ ముందు హెచ్చరించి, డ్రైవరు ఇక స్పందించడని అనిపించాకే గట్టిగా బ్రేకు వేస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఆగడానికి పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో సుమారు 50 మీటర్లు కావాలి. కంప్యూటర్ బ్రేకు వేసినా రోడ్డును పట్టుకోవాల్సింది ఆ టైర్లే. టైర్లు నున్నగా అరిగిపోయి, వాన కూడా పడుతుంటే లెక్క మీరే వేసుకోండి.

అదే పరీక్షలో ఇంకో ఘట్టం ఉంది. కూడలిలో అడ్డంగా వచ్చే కారు. ఒక్కటంటే ఒక్కసారి కూడా తప్పించలేకపోయాయి. వేగం తగ్గించలేదు, హెచ్చరించనూ లేదు. సర్వీసు రోడ్డులోంచి హైవే మీదికి తటాలున దూరే బండ్లు మనకు ఎన్ని!

రండి, ముందువైపు చూపిస్తాను. లోపలి అద్దం వెనుక, విండ్‌షీల్డ్‌కు అతుక్కుని ఉన్న ఈ నల్ల పెట్టెలో కెమెరా ఉంది. కింద గ్రిల్‌లో లోగో పక్కన నున్నటి ప్లాస్టిక్ పలక కనిపిస్తోందా? దాని వెనుక రాడార్, అంటే రేడియో తరంగాలు పంపి ముందున్నవాటి దూరం కొలిచే పరికరం. బురద పేరుకున్నా, దాని ముందు అదనపు గార్డు బిగించినా రాడార్‌కు చూపు తగ్గుతుంది. విండ్‌షీల్డ్ మార్పిస్తే కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే కొలతలు సరిచూసి అమర్చించాలి. కోణం కొద్దిగా తేడా వచ్చినా దూరంలో అంచనా తప్పుతుంది.

రాడార్‌కు ఇంకో తంటా. కదలని వస్తువులు దానికి లెక్కలేనన్ని కనిపిస్తాయి: సైన్ బోర్డులు, వంతెనలు, రెయిలింగ్‌లు. వాటన్నిటికీ బ్రేకు వేస్తే కారు ముందుకే పోదు. అందుకని చాలా వ్యవస్థలు అలాంటి సంకేతాలను పెద్దగా పట్టించుకోవు. ఇప్పుడు రాత్రిపూట విజయవాడ హైవే మీద టెయిల్ లైటు లేకుండా ఆపిన లారీని ఊహించండి. రాడార్ దాన్ని కొట్టిపారేయవచ్చు, చీకట్లో కెమెరా పోల్చుకోలేకపోవచ్చు. వేగం ఎక్కువైతే ఆశలు మరీ తక్కువ.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం 2025లో ఐఐహెచ్ఎస్ చెప్పిన విషయం. చీకట్లో రోడ్డు దాటే మనిషి బొమ్మకు మెరిసే రిఫ్లెక్టర్ పట్టీలున్న బట్టలు వేశారు. ఆ పట్టీలున్నప్పుడు హోండా సీఆర్-వీ వేగమే తగ్గించలేదు. మాజ్డా సీఎక్స్-5 కూడా చాలాసార్లు గుద్దింది. సుబారు ఫారెస్టర్ ఒక్కసారి తప్ప ప్రతిసారీ ఆగింది. అంటే చేయడం అసాధ్యమేమీ కాదు, కొందరు చేయలేదంతే. తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు వేసుకునేది అలాంటి పట్టీల జాకెట్లే. ఆ మోడళ్లు మన దగ్గర కొత్తగా అమ్మడం లేదు, నిజమే. కానీ ఇక్కడ అమ్మే కార్లకు ఈ పరీక్ష ఎవరు పెట్టారని అడుగుతున్నాను.

అవసరం లేని చోట బ్రేకు పడటం మరో బాధ. అకారణంగా బ్రేకు పడుతోందని 354 ఫిర్యాదులు రావడంతో 2022లో అమెరికా రహదారి భద్రతా సంస్థ సుమారు 4 లక్షల 16 వేల టెస్లా కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. మన నగరాల్లో బంపర్‌కు ఆనుకుని బైకు వస్తుంటే ఇలాంటి బ్రేకు ఎవరి మీదికి వస్తుందో చెప్పాలా?

కొనాలా వద్దా? ఎంచుకున్న వేరియంట్‌లోనే వస్తే సంతోషంగా తీసుకోండి, ఆపేయకుండా నడపండి. దీని కోసమే అప్పు పెంచుకునేంత అవసరం నాకు కనిపించలేదు. ఆ డబ్బులో కొంత మంచి టైర్లకు పెడతాను.

షోరూములో బ్రోచర్ పక్కన పెట్టి ఓనర్స్ మాన్యువల్ అడగండి. ఎంత వేగం దాకా పనిచేస్తుంది, ద్విచక్ర వాహనాలను గుర్తిస్తుందా, పశువుల సంగతేమిటి, అన్నీ అందులో ఉంటాయి. చాలా మాన్యువళ్లలో పశువులను గుర్తించకపోవచ్చని రాసే ఉంటుంది. గేదెలు దాటే ఊళ్లలో నడిపేవాళ్లు ఆ పేజీ ముందు చదవండి. మీ కారు మాన్యువల్‌లో ఏమి రాశారో కామెంట్లలో పెట్టండి, మోడల్ పేరు మరిచిపోకండి. వచ్చే వీడియోలో అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.