మామిడితోట అడవి అవుతుందా? శేషాచలం దారిలో అడవి లెక్కలు

[దృశ్యం: దామలచెరువు దగ్గర మామిడితోట. చెట్ల వరుసల మధ్య వ్యాఖ్యాత నిలబడి ఉంటారు. దూరంగా కొండల వరుస.]

నమస్కారం. నేను నిలబడి ఉన్న చోటు బెంగుళూరా, అంటే తోతాపురి మామిడితోట. ఏటా కాయ కోసి మండీకో గుజ్జు ఫ్యాక్టరీకో తోలే ఈ తోటను అడవి అని ఈ చుట్టుపక్కల ఎవ్వరూ అనరు. అయితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి రెండేళ్లకోసారి వెలువరిస్తున్న నివేదికల లెక్క వేరు. ఒక హెక్టారుకు తగ్గకుండా ఉండి, 10 శాతానికి మించి చెట్ల గొడుగు పరుచుకున్న భూమి ఎవరిదైనా, అందులో ఉన్నది ఏ చెట్టైనా, ఆ నివేదిక దాన్ని అటవీ విస్తీర్ణంలో కలుపుతుంది. కాబట్టి దట్టంగా పెరిగిన మామిడితోట కూడా అందులోకి వస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనంలో మాత్రం అర హెక్టారు నేల, 5 మీటర్ల ఎత్తుకు ఎదగగల చెట్లు, 10 శాతం గొడుగు ఉంటే అడవి. పండ్లతోటలు అడవి కావు. రెవెన్యూ, అటవీ రికార్డులను అడిగితే మూడో జవాబు వస్తుంది: రిజర్వు అడవిగా ప్రకటించిన గుట్ట మీద ఒక్క చెట్టు లేకపోయినా అది అడవే, ఈ తోటలో వంద చెట్లున్నా ఇది పట్టా భూమే.

మూడు లెక్కల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కటి ఒక్కో అవసరం కోసం పుట్టింది. చిక్కల్లా ఒక లెక్కలోని అంకెను తెచ్చి మరో లెక్కలోని అంకె పక్కన పెట్టి, అడవి పెరిగిందనో తరిగిందనో చెప్పినప్పుడే వస్తుంది. అందరూ ఒకే తీరున కొలిచే ఉమ్మడి సూచికలు కావాలన్న ప్రయత్నం మొదలైంది ఈ చిక్కు నుంచే.

[దృశ్యం: ప్రపంచ పటం. సంవత్సరాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు అడవుల సుస్థిర నిర్వహణకు సూత్రాలను ప్రకటించింది. అడవి ఇచ్చే ఫలాన్ని నేటి మనుషులు అనుభవిస్తూనే, రేపటి వాళ్లకు అదే శక్తితో ఆ అడవిని అప్పగించాలన్నది వాటి సారం. మాట బాగుంది, కానీ నిలబెట్టుకున్నామో లేదో చూసుకోవడానికి కొలబద్ద కావాలి. ఐరోపా దేశాలు ఒక ప్రక్రియను, సమశీతోష్ణ అడవులున్న దేశాలు మాంట్రియల్ ప్రక్రియ పేరుతో మరొకదాన్ని మొదలుపెట్టాయి. మాంట్రియల్ ప్రక్రియ 1995లో 7 ప్రమాణాలు, 67 సూచికలతో జాబితా తయారుచేసింది; ఆ తరవాతి సవరణల్లో సూచికలు 54కు తగ్గాయి. మన దేశంలో భోపాల్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ చొరవతో 1998లో భోపాల్-ఇండియా ప్రక్రియ 8 ప్రమాణాలను, 43 సూచికలను రూపొందించింది.

ఇక్కడ రెండు మాటలను విడదీసి చూడాలి. ప్రమాణం అంటే మనం కాపాడాలనుకునేది: అడవి విస్తీర్ణం, జీవవైవిధ్యం, అడవి ఆరోగ్యం, నేల, నీరు, ఉత్పత్తి, అడవి మీద బతికే మనుషుల మేలు, వీటన్నిటికీ అండగా నిలిచే చట్టం. సూచిక అంటే ఆ ప్రమాణం ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి మనం కొలిచే, ఏళ్ల తరబడి ఒకే తీరున కొలవగలిగే ఒక విషయం. విస్తీర్ణం ఒక్కటే కొలిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ఎందుకు చాలదో మన ఎర్రచందనమే చెబుతుంది.

[దృశ్యం: భాకరాపేట ఘాట్ రోడ్డు. కొండవాలున ఎర్రచందనం చెట్లు. నలుపు తిరిగి, మొసలి చర్మంలా పగుళ్లు పారిన బెరడు దగ్గరగా.]

ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. తూర్పు కనుమల దక్షిణ భాగమే, అంటే మన శేషాచలమూ దాని చుట్టుపక్కల కొండలే, దాని పుట్టిల్లు. 1995లో దాన్ని అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో చేర్చారు. దాని విలువంతా చేవలో, అంటే కాండం నడుమ ఎర్రబారిన గట్టి కట్టెలో ఉంది. ఆ చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. ఒక ముదురు చెట్టును దొంగలు నరికి దుంగ తీసుకుపోయినా, నరికిన మోడు నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి, పక్క చెట్ల కొమ్మలు ఆ ఖాళీని కొంత కమ్ముకుంటాయి. ఫారెస్ట్ సర్వే సంస్థ విస్తీర్ణం లెక్కకు వాడే ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి సుమారు 23.5 మీటర్ల వెడల్పు ఉంటుంది కనుక, ఒక్క చెట్టు పోయిన సంగతి అందులో కనబడదు. అలాంటి చెట్లు ఎన్నో పోయినా విస్తీర్ణం అంకె చెక్కుచెదరకపోవచ్చు. అడవి అక్కడే ఉంటుంది, అడవిలోని చేవ ఉండదు. దీన్ని పట్టివ్వగలిగిన సూచిక వేరే ఉంది: ఏ చుట్టుకొలతలో ఎన్ని చెట్లున్నాయన్న లెక్క. లేత చెట్లు బాగా ఉండి ముదురు చెట్లు మాయమైతే, ఆ పట్టిక చూడగానే తెలిసిపోతుంది.

[దృశ్యం: వాలు మీద ఒక చెట్టు చుట్టూ టేపు పడుతుంది. కొలిచే చేతులు, టేపు మీది అంకెలు.]

చుట్టుకొలత తీసుకోవడం సులువుగా కనిపిస్తుంది, కానీ ఉమ్మడి సూచికల కష్టమంతా ఈ టేపు దగ్గరే ఉందని నా నమ్మకం. మన దేశంలో చెట్టును నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, ఛాతీ ఎత్తున కొలుస్తారు. చాలా దేశాల్లో అదే ఛాతీ ఎత్తు 1.3 మీటర్లు. మనం చుట్టుకొలత రాస్తే వాళ్లు వ్యాసం రాస్తారు. కాండం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కనుక, ఒక చెట్టు విషయంలో ఈ తేడా లెక్కలోకి రానంత చిన్నదే. అయితే అది ప్రతి చెట్టు దగ్గరా ఒకే వైపుకు మొగ్గే తేడా, కాబట్టి చెట్లు పెరిగేకొద్దీ లెక్కలో పేరుకుపోతుంది. పైగా వాలులో చెట్టుకు ఎగువన నిలబడి కొలవాలా, దిగువన నిలబడా? ఎగువనే. ఛాతీ ఎత్తుకు కిందనే రెండుగా చీలిన కాండం ఒక చెట్టా, రెండా? రెండుగానే రాయాలి. ఈ నియమాలు రాసిపెట్టుకోకపోతే ఈ ఏడు కొలిచిన గార్డు ఒకలా, అయిదేళ్ల తరవాత వచ్చిన గార్డు మరోలా రాస్తారు. అప్పుడు అంకెలో కనిపించే మార్పు అడవిలో వచ్చినది కాదు, కొలిచిన మనిషి మారడం వల్ల వచ్చినది.

కాలం సంగతీ అంతే. మన కొండలది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మామండూరు వైపు వెళ్లి చూస్తే కొండలు ఎండుకట్టెల కుప్పల్లా కనిపిస్తాయి. అక్టోబరు, నవంబరు వానలకు ఆ కొండలే పచ్చగా మెరుస్తాయి. అందుకే సర్వే సంస్థ ఉపగ్రహ చిత్రాలను అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కాలానివే ఎంచుకుంటుంది. ఏ నెలలో చూశామో చెప్పని పచ్చదనపు అంకెను నమ్మకూడదు.

[దృశ్యం: కల్యాణి డ్యాం. తరవాత ఒక పల్లె, ఇంటి ముందు ఆరబెట్టిన బోద గడ్డి.]

నీటికి సూచిక వెతకడం ఇంకా కష్టం. కల్యాణి డ్యాంలో నీటిమట్టం తగ్గితే అది వాన లోటా, వాడకం పెరగడమా, ఎగువ అడవి పలచబడటమా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. కొండవాగు వానలు వెలిసిన తరవాత ఎన్ని వారాలు పారిందో, ఏటా వాన లెక్కతో కలిపి రాసుకుంటే కొంత తెలుస్తుంది. పల్లెవాళ్లకు ఈ లెక్క నోటికి వచ్చు. పుస్తకంలోకి ఎక్కించేవాళ్లే తక్కువ.

భాకరాపేట దగ్గర ఒక పల్లెలో అడవిలో బోద గడ్డి కోసే పెద్దమ్మను, అడవి ఎలా ఉందమ్మా అని అడిగాను. ఆమె ఇలా అన్నారు: "నేను కోడలిగా వచ్చిన కొత్తల్లో అంబటిపొద్దుకే రెండు మోపులు కోసుకోనొస్తా ఉంటిమి నాయనా. ఇప్పుడు ఒక మోపుకే పొద్దుగూకతా ఉండాది."

ఒక మోపుకు పట్టే సమయం. నేను చదివిన ఎన్నో సూచికల కన్నా ఇది సూటిగా ఉంది. అడవి ఉత్పత్తినీ, అడవిని నమ్ముకున్న ఆడవాళ్ల శ్రమనూ ఒకే కొలతలో చెబుతోంది. అయితే దీన్ని పక్క ఊరి లెక్కతో పోల్చాలంటే మోపు అంటే ఎన్ని కిలోలో తూచాలి, ఏ నెలలో కోశారో రాయాలి, ఊరి నుంచి గడ్డి దాకా నడిచిన దూరాన్నీ కోసిన సమయాన్నీ వేరు చేయాలి, కోసినవాళ్ల వయసునూ గుర్తుంచుకోవాలి. సూచికను తయారుచేయడం అంటే జరిగే పని ఇదే.

దేశదేశాల నివేదికల్లో ఒక మోపు బోదకు చోటు ఉండదు. ప్రపంచ స్థాయిలో సుస్థిర అభివృద్ధి లక్ష్యాల కింద అడవుల సుస్థిర నిర్వహణ గురించి అడిగేవి విస్తీర్ణంలో మార్పు, నేలపై జీవద్రవ్యం (చెట్ల మొత్తం బరువు), రక్షిత ప్రాంతాల వాటా, దీర్ఘకాల ప్రణాళిక కింద ఉన్న వాటా, ధ్రువీకరణ పొందిన అడవి: ఈ అయిదే. అవి అన్ని దేశాలూ కొలవగలిగేవి, కాబట్టి అవసరమే. అటవీ శాఖలో ఒక రేంజ్ అధికారి తన పరిధిలో పని మార్చుకోవడానికి మాత్రం అవి సరిపోవు. అక్కడ వాగు, మోపు, చుట్టుకొలత కావాలి. ఊరివాళ్లతో ఏర్పడిన వన సంరక్షణ సమితి పుస్తకంలో ఈ మూడింటికీ మూడు గళ్లు గీసి, కొలిచే పద్ధతిని మొదటి పేజీలోనే రాసిపెడితే, పదేళ్లకోసారి తయారయ్యే వర్కింగ్ ప్లాన్‌కు, అంటే అటవీ శాఖ నిర్వహణ ప్రణాళికకు, ఆ పుస్తకమే ఆధారమవుతుంది.

[దృశ్యం: పెద్దమ్మ మోపును తక్కెడకు తగిలిస్తారు. ముల్లు నిలిచేదాకా కెమెరా కదలదు. పక్కన ఒక అమ్మాయి నోటు పుస్తకంలో తేదీ, కిలోలు, బయలుదేరిన వేళ, తిరిగొచ్చిన వేళ రాస్తుంది.]