జర్మనీలో "కుక్క" అంటే తిట్టా, మెచ్చుకోలా?

అందరికీ నమస్తే. ఈరోజు జర్మన్ తిట్ల గురించి మాట్లాడుకుందాం, అంటే బూతులన్నీ వరసగా చదివేసే వీడియో కాదు ఇది, నాకు ఈ టాపిక్ అంటే చాలా ఇష్టం, ఎందుకంటే ఊరు మారితే తిట్టు బరువే మారిపోతుంది అక్కడ, బీ2 లెవెల్, అంటే జర్మన్ బాగానే వచ్చే స్థాయి దాకా క్లాసులకెళ్లినా ఈ ముక్క ఎవరూ చెప్పరు.

కుక్కతోనే మొదలుపెడదాం. మామూలు జర్మన్‌లో ఎవరినైనా 'హుంట్' అన్నారంటే అది తిట్టే, మన దగ్గర కుక్కా అంటే ఊరుకుంటారా, అలాగే. కానీ దక్షిణ జర్మనీలోని బవేరియాలో ఒక పెద్దాయన ఎవరినో చూపించి "అ హుంట్ ఇస్ ఎర్ షో" అన్నాడనుకోండి, అది మెచ్చుకోవడం! వాడు మామూలోడు కాదు, ఎక్కడేసినా పని సాధించుకొచ్చేస్తాడు అని. చెప్పేటప్పుడు మొహంలో కాస్త అసూయ కూడా ఉంటుంది.

పక్కనే ష్వాబెన్, అంటే స్టుట్‌గార్ట్ చుట్టుపక్కలన్నమాట. అక్కడా కుక్కే, కాకపోతే 'డాకెల్', ఆ పొట్టి కాళ్ల పొడుగు కుక్క ఉంటుంది చూడండి, అది. డాకెల్ అంటే తింగరోడు. దాని మీద ఇంకో మెట్టు 'హాల్బ్‌డాకెల్', సగం డాకెల్. సగం అన్నాక తిట్టు తగ్గాలి కదా, తగ్గదు, పెరుగుతుంది, ఎందుకంటే పూర్తి డాకెల్‌కి ఉన్న ఆ కాస్త బుర్ర కూడా వీడికి లేదని! ఎంత బాగా ఆలోచించారండీ అసలు.

ఇంకోటి, "నా వెనక భాగం నాకిపో" అనే తిట్టు. జర్మన్ రచయిత గోథే 1773లో రాసిన 'గోట్స్' నాటకంలో హీరో అనే మాట ఇది, మోజార్ట్ అయితే దానికి పాటే కట్టాడు. మిగతా జర్మనీలో చాలాచోట్ల అంటే గొడవే, ష్వాబెన్‌లో మాత్రం ఎప్పుడో కనిపించకుండా పోయిన ఫ్రెండ్ సడెన్‌గా ఎదురొచ్చినా ఆశ్చర్యంతో ఇదే అంటారు, అందుకే దీనికి 'ష్వాబెన్ నమస్కారం' అని పేరు కూడా పెట్టారు.

ఇక ప్రాంతాల మధ్య గొడవలు. ఉత్తరం నుంచి వచ్చినవాళ్లని బవేరియా వాళ్లు 'సౌప్రైస్' అంటారు, పంది ప్రష్యావాడు అని, ప్రష్యా అంటే ఒకప్పటి ఉత్తర జర్మనీ రాజ్యం. ఆస్ట్రియా వాళ్లకి జర్మన్లు 'పీఫ్కె'లు, 1866లో ప్రష్యా చేతిలో ఆస్ట్రియా ఓడిపోయింది, ఆ గెలుపు మీద మార్చ్ కట్టిన మిలిటరీ బ్యాండ్ మాస్టర్ పేరు పీఫ్కె, తిట్టు ఆయన పేరు నుంచే వచ్చిందని చాలామంది చెప్తారు. బెర్లిన్ గోడ కూలాక తూర్పు జర్మనీవాళ్లు పడమర జర్మనీవాళ్లకి పెట్టిన పేరు 'బెస్సర్‌వెస్సీ', అన్నీ నాకే తెలుసనే పడమరోడు, 1991లో అదే ఆ సంవత్సరపు పదంగా ఎంపికైంది. ఇది నవ్వుకునే మాట కాదు, ఉద్యోగాలు పోయి కడుపు మండినవాళ్ల మాట.

ముఖ్యమైంది, ఇవి నేర్చుకుని రోడ్డు మీద వాడకండి ప్లీజ్. అక్కడ మనిషిని అవమానించడం నేరం, శిక్షాస్మృతిలో సెక్షన్ 185. డ్రైవింగ్‌లో నుదుటి మీద వేలితో కొట్టి చూపించి, నీకు బుర్ర లేదా అన్నట్టు సైగ చేసినా కేసు పెట్టొచ్చు. ఫైన్‌ని మీ రోజు సంపాదన ఇన్ని రోజులకి అని లెక్కేస్తారు, కాబట్టి జీతం ఎక్కువైతే కట్టేదీ ఎక్కువే.

కెమ్నిట్స్, మాగ్డెబుర్గ్ వైపు చదువుకుంటున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, తూర్పు వైపు తిట్లు ఈ వీడియోలో పెద్దగా రాలేదు, మీరు విన్నవి ఏ సందర్భంలో ఎవరు అన్నారో కూడా కలిపి కామెంట్‌లో రాయండి, తర్వాతి వీడియో వాటి మీదే చేద్దాం.